రన్‌వే మీద పెసల రాశి

విమానాలు చూద్దామని బయల్దేరి, సగం పూట పెసలు చూసి వచ్చాను. ఇంటికి చేరాక మిత్రులు ఫొటోలు చూపించమన్నారు. ఫోను తెరిస్తే చేటలు, గోనె సంచులు, పొట్టు కొట్టుకున్న ముఖాలు. విమానాలు అక్కడక్కడా ఉన్నాయి. అలా ఎందుకు జరిగిందో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

పెద్ద నోట్లు రద్దయిన కొద్ది నెలలకి, చలి వెళ్లి ఎండ ఇంకా ముదరని రోజుల మాట. విజయనగరం జిల్లాలో, శ్రీకాకుళం సరిహద్దుకి దగ్గరగా, నీలమ్మవలస అనే ఊరి పక్కన యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉంది. యుద్ధం అయిపోయాక విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే ఊరికి మిగిలింది. పాతకాలపు విమానాలను బాగుచేసుకుని ఎగరేసే బృందం ఒకటి అక్కడ ఒక ఆదివారం ప్రదర్శన ఇవ్వబోతోందని పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త పడింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి వార్తలకి శీర్షికలు పెట్టి పంపించడమే గాని, వెళ్లి చూసింది లేదు. ఈసారి బెజవాడలో రైలెక్కేశాను.

నౌపడ, పొరపాటున

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగాల్సినవాణ్ణి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కిటికీ అవతల తెల్లగా మెరుస్తున్న మడులు, వాటి మధ్య ఉప్పు కుప్పలు. రైలు నౌపడలో ఆగి ఉంది. సంచీ పట్టుకుని దూకేశాను.

స్టేషను బయట పాక హోటల్లో ఒక పెద్దావిడ భోజనం పెడుతోంది. నా వాలకం చూసి ఏ ఊరని అడిగింది. తెనాలి వైపని చెప్పి, రైల్లో నిద్రపోయిన సంగతి కూడా చెప్పాను.

"సిగ్గెందుకు బాబూ. నిద్దరోయినోలు దిగితేనే మా యాపారం" అంది, ఆకు వేస్తూ.

ఆనపకాయలో నువ్వుపిండి వేసి చేసిన కూర పెట్టింది. మా వైపు నువ్వులు పచ్చడికో, పొడికో, పితృకార్యాలకో తప్ప కూరలోకి రావు. ఇక్కడ దాదాపు ప్రతి కూరలోనూ ఆ కమ్మదనం తగులుతుంది. చేప పులుసు, అన్నం, చివర్లో మజ్జిగ, అంతా కలిపి అరవై రూపాయలు. ఉప్పు కావాలంటే గల్లుప్పు దోసిట్లోంచి విస్తరి అంచున పోసింది. పొట్లాం ఉప్పు వాళ్ల ఇంట్లోకి రాదట. కిటికీలోంచి కనిపించే ఉప్పు ఉండగా కొట్లో ఉప్పు కొనడం ఏమిటని ఆవిడ అభిప్రాయం.

మడుల గట్ల మీద కాసేపు తిరిగి, బస్సు పట్టుకుని వెనక్కి శ్రీకాకుళం వచ్చాను.

అరసవల్లి

మర్నాడు ఆదివారం. సూర్యుడి గుడికి వచ్చే జనంతో అరసవల్లి లాడ్జీలు నిండిపోయాయి. ఒక లాడ్జీలో మేడమీద గది దొరికింది. గుమాస్తా అలవాటు ప్రకారం దర్శనం టికెట్టు తెప్పించనా అని అడిగాడు. విమానాల కోసం వచ్చానంటే కాసేపు ఆలోచించి, రెండూ పైకి చూడాల్సినవే కదా అన్నాడు. పొద్దున్నే చర్చివాళ్ల వేను ఒకటి నీలమ్మవలస వెళుతోందని, అందులో చోటు అడుగుతానని చెప్పి అప్పటికప్పుడే ఫోను చేశాడు. మా వైపైతే ముందు రేటు మాట్లాడి తరువాత ఫోను చేస్తారు. ఇక్కడ ఫోను అయిపోయింది, రేటు ఎవరూ మాట్లాడలేదు.

వేనులో

బాప్టిస్టు చర్చివాళ్లు ఆ ఆదివారం ఆరాధనను సూర్యోదయానికే పెట్టుకుని ముగించేశారు. ఏలీయా అగ్నిరథం మీద ఆకాశానికి వెళ్లిన భాగం చదివి పాస్టరుగారు ప్రసంగం తొందరగా ఆపేశారట. ఇంత పొట్టి ప్రసంగం తన జీవితంలో వినలేదని నా పక్క సీటులోని మార్తమ్మగారు ఆనందంగా చెప్పారు.

మార్తమ్మగారు ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. హిందీ, బెంగాలీ, ఒడియా అన్నీ వస్తాయి. మనిషిని చూడగానే ఎక్కడ నొప్పి అని అడిగే అలవాటు ఇంకా పోలేదు. నా మోకాలు సంగతి ఆమదాలవలస దాటకముందే కనిపెట్టేశారు. డబ్బాలోంచి ఇడ్లీలు, అల్లం పచ్చడి తీసి నా చేతిలో పెట్టారు. పచ్చడి తియ్యగా ఉంది. మా వైపు అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది గాని, కారం దాన్ని తల ఎత్తనివ్వదు. ఆ మాట అంటే, "గుంటూరోలు నాలికలు ఎప్పుడో కాల్చేసుకున్నారు, మీకేటి తెలస్తాది" అని నవ్వారు.

రాజాం దాటాక రోడ్డు పొడుగునా ఆటోలు, ట్రాక్టర్లు, సైకిళ్లు. అందరిదీ ఒకే దారి.

నీలమ్మవలస

అదొక నల్లటి పొడుగాటి పట్టీ. తారు అక్కడక్కడా పగిలి గడ్డి మొలిచింది. రెండు పక్కలా కోసేసిన పొలాలు, ఆ వెనక తాటిచెట్లు, వాటి వెనక కొండలు. ఒక చివర షామియానా, పెద్దల కోసం తెల్ల గుడ్డలు కప్పిన సోఫాలు, మిగతావాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు, వాటి వెనక నిలబడే జనం. తేగల కట్ట పది రూపాయలు. బఠాణీలు, రంగు సోడాలు, మందస కోవా. రబ్బరు మెలితిప్పి వదిలితే ఎగిరే బొమ్మ విమానాలు అమ్మేవాడు అప్పటికే సగం సరుకు అమ్మేశాడు.

షామియానాకి దగ్గర్లో పొట్టి ఎర్ర విమానాలు రెండు ఉన్నాయి. గిరికీలు కొట్టేవి అవేనట. వాటి పక్కన అసలు పెద్దమనిషి. పసుపు రంగు, ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు, ముందు చెక్క పంకా. రెక్కల మీద కప్పింది గుడ్డ. జనం వంతులవారీగా వెళ్లి తాడు ఇవతల నుంచి చేయి చాపి తాకి వస్తున్నారు. ఒక ముసలాయన తాకి చూసి, "గుడ్డేనర్రా" అని వెనకవాళ్లకి చెప్పాడు. ఆ మాట చివరి వరుసదాకా పాకింది.

మొదలవ్వాల్సిన వేళ దాటింది. మైకులో దేశభక్తి పాటలు రెండోసారి తిరుగుతున్నాయి. రన్‌వే అవతలి చివర ఏదో గొడవ అవుతోందని తెలిసి, పాత అలవాటు చొప్పున నేను అటు నడిచాను. ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని మార్తమ్మగారు కూడా వచ్చారు.

రాశి

దెబ్బలు తగల్లేదు. రన్‌వే నడిమధ్యన పెసల రాశి ఒకటి ఉంది. దాని ముందు చేతులు కట్టుకుని ఒక ఆడమనిషి నిలబడింది.

విమానాలు పోయిన నాటినుంచీ ఆ రన్‌వే నీలమ్మవలసకి కళ్లం. మట్టి అంటని కళ్లం ఇంకెక్కడ దొరుకుతుంది. ఏ ఇంటికి ఏ వంతో తాతల నాటి నుంచి తారు మీద సున్నం గీతలు ఉన్నాయి. అన్నదమ్ములు విడిపోతే పొలంతోపాటు రన్‌వేని కూడా పంచుకుంటారు. ప్రదర్శన కోసం శనివారం సాయంత్రానికల్లా ఖాళీ చేయాలని అధికారులు అడిగితే ఊరంతా ఒప్పుకుని, ముందుగానే నూర్చుకుని ఎత్తేసుకుంది. రాశి ముందు నిలబడ్డ ఈ పైడమ్మ ఒక్కర్తే మిగిలిపోయింది.

పైడమ్మకి ముప్ఫై ఏళ్లుంటాయి. మొగుడు చెన్నైలో భవనాల పనికి వెళ్లాడు. వెళ్లొద్దంటే వినలేదు, అందుకని ఆమె కూడా ఎవరి మాటా వినకుండా వేరేవాళ్ల పొలం కౌలుకి తీసుకుని వరి మాగాణిలో పెసలు చల్లింది. కౌలుదారు కాబట్టి అన్నిట్లోనూ ఆఖరి వంతే. నూర్పు శుక్రవారానికి అయింది. తూర్పారబడదామని చేట ఎత్తేసరికి గాలి పడిపోయింది. రెండు రాత్రులు రాశి పక్కనే కూర్చుని గాలి కోసం చూసింది. రాలేదు.

"ఉద్దుద్దు తుపానప్పుడు వద్దంటే వచ్చినాది. ఈయేల రమ్మంటే రాదు" అంది మార్తమ్మగారితో, హుద్‌హుద్‌ని తలుచుకుని.

పొట్టుతోనే సంచుల్లోకి ఎత్తి పక్కన పెట్టొచ్చు కదా అని నేను అడిగాను. చుట్టూ ఉన్నవాళ్లందరూ నన్ను జాలిగా చూశారు. ఆ ఊళ్లో పొట్టుతో పంటని కళ్లం దాటించరు. తూర్పారబట్టి, కొలిచాకే రాశి కదులుతుంది. అది కాకుండా ఆమెకి సొంత కారణం ఒకటుంది. విత్తనాలు చల్లిన రోజున ఆమె బావ, మొగుడి అన్న అప్పన్న, నలుగురిలో నవ్వాడు. ఆడకూతురు కౌలు చేస్తే ఇంటికి పొట్టే వస్తుందన్నాడు. ఇప్పుడు పొట్టు మోసుకుని ఇంటికి వెళ్లమంటే ఆమె వెళుతుందా.

ఆ అప్పన్న కూడా అక్కడే ఉన్నాడు. కొంచెం దూరంలో గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తూ ఎటో చూస్తున్నాడు. వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.

ఏర్పాట్లు చూస్తున్న అధికారికి చెమటలు పడుతున్నాయి. పదింటికి మంత్రిగారు వస్తారు. ముందు బ్లేడు తగిలించిన ట్రాక్టరు ఒకటి తెప్పించి ఉంచాడు. తను మంచిమాటగా చెబుతున్నానని, ఇంకాసేపట్లో ట్రాక్టరుతో పక్కకి తోయించక తప్పదని అన్నాడు. పక్కనంతా గులకరాళ్లు, గడ్డి. అందులో కలిసిన పెసలు ఇక ఏరలేరు.

"తోసేయండి బాబూ. నన్నూ రాశినీ కలిపి తోసేయండి" అంది పైడమ్మ, గొంతు పెంచకుండానే.

ట్రాక్టరు డ్రైవరు ఇంజిను ఆపి కిందకి దిగిపోయాడు.

గాలి

అప్పుడు వచ్చాడు పసుపు విమానం పైలట్. నెరిసిన మీసాలు, తోలు కోటు, మోకాళ్లదాకా బూట్లు. వైమానిక దళంలో చేసి రిటైరయిన మంగళూరు వైపు మనిషి. రన్‌వే పక్కన కర్రకి కట్టిన చారల గుడ్డ గొట్టం కేసి చూశాడు. గాలి ఎటు ఉందో చూపించేది అదే. అది చచ్చిన పాములా వేలాడుతోంది. ఎగరడానికి ఇంత మంచి పొద్దు ఈ మధ్య చూడలేదని హిందీలో అన్నాడు. మార్తమ్మగారు ఆ మాటని తెలుగులో చెప్పారు. పైడమ్మ కూడా ఆ గొట్టం కేసే చూసింది.

పైలట్ చూపు చుట్టూ ఉన్నవాళ్ల కాళ్ల మీదికి పోయింది. రాశికి దగ్గరగా ఉన్న ఎవరి కాళ్లకీ చెప్పులు లేవు. నావి ఉన్నాయి. నేను గబుక్కున విడిచాను. ఆయన తారు మీద కూలబడి, తాళ్లు విప్పి, ఆ పెద్ద బూట్లు రెండూ లాగి పక్కన పెట్టాడు. వాళ్ల ఇంటి ముంగిట్లో వక్కలు ఎండబోసినప్పుడు చెప్పులతో తొక్కితే వాళ్లమ్మ వీపు వాయించేదట. మార్తమ్మగారు ఇది కూడా చెప్పారు. గుంపులో మొదటిసారి నవ్వు వినిపించింది.

తరువాత ఆయన అడిగింది ఒక్కటే, ఈ పనికి ఎంత గాలి కావాలని. మార్తమ్మగారు తెలుగు చేసేసరికి పైడమ్మకి అర్థం కాలేదు. గాలి ఏమన్నా బజార్లో దొరుకుతుందా అన్నట్టు చూసింది. ఆయన వెనక్కి తిరిగి విమానాన్ని చూపించాడు. ఎగిరేముందు ఎలాగూ ఇంజిను కాసేపు తిప్పి వేడెక్కించాలి. ఆ తిప్పేదేదో ఇక్కడే తిప్పుతానన్నాడు.

అధికారి గడియారం చూసుకుని పక్కకి తప్పుకున్నాడు.

విమానాన్ని పదిమంది తోసుకుంటూ తెచ్చారు. తోక రాశి వైపు ఉండేట్టు, తగినంత దూరంలో నిలబెట్టి చక్రాలకి దిమ్మలు పెట్టారు. తోక పైకి లేవకుండా ఇద్దరు మెకానిక్కులు దాని మీద వాలిపోయారు. పైడమ్మకి తోడుగా ఊరి ఆడవాళ్లు చేటలు పట్టుకుని వచ్చేశారు. ఎక్కి నిలబడడానికి పీటలు లేవు. ప్లాస్టిక్ కుర్చీలు ఎవరు ఎప్పుడు తెచ్చారో నేను చూడలేదు. వాటిలో ఒక తెల్లగుడ్డ సోఫా కూడా ఉంది.

మొదటిసారి లెక్క తప్పింది. పైలట్ తన లెక్కలో గాలి తక్కువే ఇచ్చాడు. విమానం లెక్క వేరు, చేట లెక్క వేరు. గుప్పున కొట్టిన గాలికి పొట్టుతోపాటు పెసలు కూడా లేచి, వడగళ్లలా మా మీద పడ్డాయి. ఒకామె చీర కొంగు జెండాలా లేచింది. సోఫా ఎక్కినావిడ సోఫాలోనే కూలబడింది. పసుపు పచ్చటి మేఘం ఒకటి తేలుతూ వెళ్లి, ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ అధికారిని నిలువునా కప్పేసింది. నా నోటినిండా పొట్టు.

పైడమ్మ కుర్చీ మీద నుంచే అరచెయ్యి నేలవైపు తిప్పి కిందికి ఊపింది. పైలట్ వెనక్కి మెడ తిప్పి ఆ చేతినే చూస్తున్నాడు. చెయ్యి కిందికి ఊగినకొద్దీ ఇంజిను మోత తగ్గింది. తగ్గి తగ్గి, మా వైపు సాయంకాలం కాలవ గట్టు మీద తగిలేపాటి గాలి దగ్గరకి వచ్చింది. పైడమ్మ చెయ్యి ఆగింది. ఇంజిను కూడా అక్కడే ఆగి, ఒకే తీరున మోగసాగింది.

ఆమె చేట తల ఎత్తుకి లేపి, అంచు వంచి, సన్నగా వదిలింది. పెసలు తిన్నగా కాళ్ల దగ్గర రాలాయి. పొట్టు గాల్లో వంపు తిరిగి అల్లంత దూరం వెళ్లి పడింది. మిగతా చేటలు కూడా లేచాయి. నేను, మార్తమ్మగారు, వేనులో వచ్చినవాళ్లందరం గంపలతో అందించడం మొదలుపెట్టాం. విమానాల కోసం వచ్చిన జనమంతా ఇటు చివరకి నడిచి వచ్చి రెండు పక్కలా బారులు తీరారు. మైకు పట్టుకున్నాయన ఏం చెప్పాలో తెలియక, ప్రదర్శన ప్రారంభమైందని ప్రకటించాడు.

ఇంజిను ఆగేసరికి రాశి ఎత్తు తగ్గింది, రంగు మారింది. నిగనిగలాడే ఆకుపచ్చ. పైడమ్మ జుట్టు, కనుబొమలు, భుజాలు అన్నీ పొట్టే. ఆమె పెసల వైపు చూస్తోంది గాని దగ్గరికి వెళ్లడం లేదు. ఎందుకో నాకు తెలియలేదు. పక్కనున్నాయన చెప్పాడు. కొలిచేది ఇంటి పెద్ద. ఆ ఇంట్లో పెద్ద అప్పన్న. ఆమె అడగదు, అడగందే అతను ఎలా వస్తాడు.

అంతా అటే చూస్తున్నారు. అప్పన్న చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. లేచి, సోడా బండి దగ్గర చెంబు నీళ్లు అడిగి కాళ్లు కడుక్కున్నాడు. ట్రాక్టరు వెనక నుంచి ఇత్తడి కుంచం తీశాడు. ఎప్పుడు తెచ్చి పెట్టుకున్నాడో. వచ్చి తూర్పు ముఖంగా రాశి దగ్గర కూర్చున్నాడు.

"సంచి పట్టుకో పైడీ. సూస్తావేటి" అన్నాడు.

ఆమె వచ్చి సంచి మూతి తెరిచి పట్టుకుంది. అతను కుంచం నింపి, తలకొట్టకుండా పొర్లనిచ్చి, సంచిలో పోశాడు. "లాభం" అన్నాడు గట్టిగా. మా వైపు కళ్లాల్లో కూడా మొదటి కొలత ఒకటి కాదు, లాభమే. దేశంలో ఏ మూలకి వెళ్లినా ఆ మాట వింటే నాకు ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది. తరువాత రెండు, మూడు. సంచులు నిండి, కుట్టి, లేచిపోయాయి. ఆడవాళ్లు చీపుళ్లతో రన్‌వే తుడిచేశారు. అంత శుభ్రమైన రన్‌వే తన ఉద్యోగ జీవితంలో చూడలేదని పైలట్ బూట్లు తొడుక్కుంటూ అన్నాడు.

మంత్రిగారు అప్పటికే వచ్చి ఉన్నారు. సోఫా ఒకటి తగ్గిందని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

ఆకాశం

ఎర్ర విమానాలు ముందు లేచాయి. రెండూ పక్కపక్కనే నిట్టనిలువుగా ఎక్కి, పొగ వదులుతూ చెరోవైపు విరిగి, తిరిగి మా నెత్తి మీద ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి రాసుకున్నట్టు దాటిపోయాయి. నా పక్కన మార్తమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఒక కన్ను తెరిచి చూశారు. వాటిలో ఒకటి గాల్లో గుండ్రంగా గిరికీలు కొట్టసాగింది. ఊరి జనం గొంతు కలిపి లెక్కపెట్టారు. లాభం, రెండు, మూడు, నాలుగు. మైకాయన మొదటి రెండుసార్లు ఇంగ్లీషులో లెక్కపెట్టి, తరువాత వాళ్లతో కలిసిపోయాడు.

ఆఖరున పసుపు విమానం. దానికి తొందర లేదు. కొంచెం దూరం పరిగెత్తి, లేవాలా వద్దా అని ఆలోచించినట్టు తోక ఎత్తి, మెల్లగా నేల విడిచింది. పైడమ్మ వంతు మీదుగానే లేచింది. తాటిచెట్ల మీద చుట్టు తిరిగి, బాగా కిందుగా, పైలట్ చెయ్యి ఊపడం కనిపించేంత కిందుగా మా వైపు వచ్చింది. జనం లేచి నిలబడి కేకలు పెట్టారు. నేనూ పెట్టాను.

పైడమ్మ కూడా చూస్తోందో లేదోనని వెనక్కి తిరిగాను. గట్టు మీద వరసగా పేర్చిన సంచుల మీద ఆమె అడ్డంగా పడుకుని ఉంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఒక చెయ్యి సంచి చెవిని పట్టుకునే ఉంది. రెండు రాత్రుల నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టుంది. విమానం నెత్తిమీదికి వచ్చినా కదల్లేదు. ఎండ ఆమె ముఖానికి తగలకుండా అప్పన్న తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. పైకి చూడడం లేదు.

విమానం మోత మా చెవులు పగలగొడుతూ దాటుతుండగా, అతను ముందు వరుసలో కేకలు పెడుతున్నవాళ్ల వైపు తిరిగి, కోపంగా, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒరే, సిన్నగా అరవండిరా. పైడి పడుకున్నాది."